మిగతా చెరువుల లెక్క

మొన్న మంగళవారం టీవీలో అసెంబ్లీ చర్చ చూస్తున్నాను. ఒక సభ్యురాలు తన మండలంలో గండిపడి ఎండిన చెరువుల పేర్లు వరసగా చదువుతోంది. మూడో చెరువు దగ్గరికి వచ్చిందో లేదో, తెర మీదికి సినిమా పాటల వేడుక వచ్చేసింది. ఒళ్లు మండి రిమోట్ పక్కన పడేశాను. ఇలాంటప్పుడల్లా నాకు ఫ్రెడ్ ఫ్రెండ్లీ గుర్తొస్తారు.

ఈ కాలమ్ చదివేవాళ్లకు ఆయన పాత పరిచయమే. 1966 ఫిబ్రవరి 10న వియత్నాం యుద్ధం గురించి అమెరికా సెనేట్ కమిటీ ముందు మాజీ దౌత్యవేత్త జార్జ్ కెన్నన్ సాక్ష్యం చెబుతుంటే, సీబీఎస్ టీవీ దాన్ని వదిలేసి ‘ఐ లవ్ లూసీ’ అనే హాస్య సీరియల్ పాత ఎపిసోడ్ వేసింది. అక్కడి వార్తా విభాగానికి అధ్యక్షుడు ఫ్రెండ్లీ. అయిదు రోజుల్లో రాజీనామా ఇచ్చేశారు. నిర్మాతకు వెన్నెముక అంటే అదీ అని ఇక్కడే ఎన్నోసార్లు రాశాను. ఈ వారమూ అదే రాద్దామని కూర్చున్నాను.

కానీ మనసు 1954 మార్చి 9కి పోయింది. కమ్యూనిస్టుల వేట పేరుతో దేశాన్ని వణికించిన సెనేటర్ మెకార్థీ మీద అదే సీబీఎస్‌లో ‘సీ ఇట్ నౌ’ అరగంట కార్యక్రమం వేసిన రోజది. తెర మీద ఎడ్వర్డ్ మర్రో, తెర వెనక ఫ్రెండ్లీ. పత్రికలో ప్రకటనకు సంస్థ డబ్బివ్వనంటే ఇద్దరూ సొంత జేబుల్లోంచి 1,500 డాలర్లు తీసి వేయించారు. కార్యక్రమంలో ఎక్కువ భాగం మెకార్థీయే ఉంటాడు. ఆయన గొంతు, ఆయన నవ్వు, ఆయన ఆరోపణలు. ఆ వెంటనే అసలు సంగతేమిటో మర్రో చెబుతారు. ఏ ముక్క ఉంచాలి, దేని పక్కన దేన్ని అతకాలి అన్న ఎంపికలోనే ఉంది దాని బలమంతా. జవాబు చెప్పుకోవడానికి ఏప్రిల్ 6న మెకార్థీకీ అదే వేళ ఇచ్చారు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఎడిటింగ్ రూములో కూర్చున్నాను. కరువు మీద కార్యక్రమం. ఒక రైతు ఇల్లాలు నాలుగు నిమిషాలు మాట్లాడింది. విత్తనాలకెంత, బోరుకెంత, వడ్డీ ఎంత అని వేళ్లు మడుస్తూ చెప్పింది. చివర్లో కళ్లు తుడుచుకుంది. నేను నలభై సెకన్లే ఉంచాను. ఏడుపు ఉంచి, లెక్క తీసేశాను. అలా చెయ్యమని నాకెవరూ చెప్పలేదు. బాగుందన్నారు కూడా.

రాజీనామా ఇవ్వాల్సినంత ఒత్తిడి ఆ రోజు నా మీద లేదు. రోజూ జరిగే కోతల్లో చాలావాటికి ఉండదు. ఫ్రెండ్లీ బయటికొచ్చి కొలంబియా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు, సంతోషమే. కానీ ఆ స్టూడియోలో ఆ లెక్క ఉండాల్సిందేనని పట్టుబట్టే గొంతు ఒకటి తగ్గిపోయింది. మంగళవారం ఆ స్విచ్ నొక్కింది ఎవరో గానీ, ఉద్యోగం మానెయ్యమని ఇక చెప్పలేను. అక్కడే ఉండు, రేపు నాలుగో చెరువు దాకా ఆగు అంటాను.

సభా కార్యకలాపాల ప్రతి కోసం రాశాను. మిగతా చెరువుల పేర్లు అందగానే ఇక్కడ వేస్తాను.