ప్రతిభయు ప్రతిఫలమును: హాప్కిన్స్ కవి చూపిన క్రైస్తవదృష్టి

ప్రతిభకు తగిన పురస్కారము ఎల్లప్పుడును లభింపదనుట సాహిత్యచరిత్ర చదివినవారికి క్రొత్త విషయము కాదు. దీనికి సమాధానము వెదకినవారిలో కొందఱు లోకమును నిందించిరి. కొందఱు భారమును కాలముపై వైచిరి. మాలతీమాధవ ప్రస్తావనలో భవభూతి తన్ను గుర్తింపగల సహృదయునికై భావికాలమువైపు చూచుట రెండవ త్రోవ. క్రైస్తవదృష్టి ఈ రెంటికిని భిన్నమైన మార్గమును చూపుచున్నది. ఆ మార్గమును తన జీవితముననే పరీక్షించుకొనిన ఆంగ్లకవి జెరార్డ్ మాన్లీ హాప్కిన్స్ (1844–1889). అతని యుదాహరణముతో ఆ సమాధానముయొక్క బలమును, అవధిని నిర్ణయించుటయే మా యుద్దేశము.

ఆక్స్‌ఫర్డులో విద్యార్థిగా నుండగా, 1866లో, హాప్కిన్స్ కాథలిక్ సంఘమున చేరెను. 1868లో జెసూట్ సన్యాసిగా ప్రవేశించుటకు ముందు తన పద్యములను తగులబెట్టి, పెద్దల యనుమతి లేనిదే కవిత వ్రాయరాదని నిశ్చయించుకొనెను. పిమ్మట ఏడేండ్లు దాదాపు మౌనముననే గడచినవి. 1875 డిసెంబరులో డాయిచ్‌లాండ్ అను ఓడ థేమ్స్ నదీముఖమునకు వెలుపల ఇసుకతిప్పపై చిక్కుకొనగా, ఐదుగురు సన్యాసినులతోపాటు పలువురు మరణించిరి. మఠాధికారి సూచనతో హాప్కిన్స్ ఆ విషాదమును దీర్ఘకవితగా వ్రాసెను. జెసూట్‌ల మాసపత్రికయే దానిని ప్రచురింపలేదు. 1884 నుండి డబ్లిన్‌లో గ్రీకుభాషాచార్యుడుగా పనిచేసి, 1889లో విషజ్వరముచే అతడు మరణించెను. మిత్రుడైన రాబర్ట్ బ్రిడ్జెస్ ఆ కవితలను భద్రపఱచి 1918లో అచ్చొత్తించెను. ఆ 750 ప్రతులు చెల్లుటకు సుమారు పదేండ్లు పట్టినది. రెండవ ముద్రణము 1930లో వెలువడినది.

తనకంటె ముందు మఱియొకని ఉపేక్షను చూచి హాప్కిన్స్ ఈ ప్రశ్నను ఎదుర్కొనెను. రిచర్డ్ వాట్సన్ డిక్సన్ అను ఆంగ్లికన్ మతాచార్యుని కవిత్వము ఆదరణ లేక మఱుగుపడుటకు నొచ్చుకొని, 1878లో అతనికి లేఖలు వ్రాసెను. కావ్యములకు న్యాయమైన తీర్పు చెప్పగల విమర్శకుడు క్రీస్తు ఒక్కడే యని ఆ లేఖలలోని సారాంశము. ప్రతిభ నొసగినవాడే దాని విలువ నెఱుగును గదా!

ఈ భావమునకు మూలము మత్తయి సువార్త 25వ అధ్యాయములోని తలాంతుల కథ. ఆంగ్లమున సామర్థ్యవాచకమైన 'టాలెంట్' శబ్దమున కా యర్థము ఈ కథనుండియే వచ్చినది. ఇందు రెండంశములు గమనింపదగినవి. మొదటిది, ధనము సేవకునిది కాదు, యజమానుడు అప్పగించినది. రెండవది, ఐదు తలాంతులవానికిని రెండు తలాంతులవానికిని లభించిన మెప్పు ఒక్కటే. యజమానుడు మెచ్చినది మొత్తమును కాదు, నమ్మకమును. కావున ప్రతిభ లోకమునుండి రాబట్టవలసిన బాకీ కాదు. ఒకనాడు లెక్క చెప్పవలసిన అప్పగింత. ఈ దృష్టి గలవాడు ఉపేక్షితుడైనను ద్వేషమునకు లోనుగానక్కఱలేదు.

ఐనను, ఇంతటితో ప్రశ్న ముగియలేదు. పద్యములను ప్రకటింపకుండుట తలాంతును భూమిలో పాతిపెట్టుట కాదా యని అడుగవచ్చును. హాప్కిన్స్ కూడ ఈ చిక్కు నెఱుగును. 1886లో బ్రిడ్జెస్‌నకు వ్రాసిన లేఖలో, ఆత్మదృష్టితో చూచినచో కీర్తి గణ్యము కాకపోయినను, సృష్టించిన కృతి పదుగురకు తెలియనిచో దాని ప్రయోజనము స్వల్పమే యనెను. మరణించిన సంవత్సరముననే, యిర్మీయా గ్రంథము 12వ అధ్యాయము నాధారముగా గొని వ్రాసిన సానెట్‌లో, దుష్టులు వర్ధిల్లుటయు తన శ్రమ వ్యర్థమగుటయు ఏలయని దేవునితోనే వాదించెను. కాని ఆ సానెట్ ముగింపున అతడు కోరినది కీర్తి కాదు; ఎండిపోయిన సృజనశక్తి మరల చిగుర్చుటను. ప్రతిభావంతునకు అసలైన ప్రతిఫలము సృజింపగలుగుటయే యని అతని భావమని మేము తలంచుచున్నాము. ఉపేక్షకంటె వంధ్యత్వమే అతనిని ఎక్కువగా బాధించినది.

ఇచట విమర్శకులు పొరబడుట కవకాశము కలదు. దేవుడే న్యాయమైన విమర్శకుడను మాట కవికి ఓదార్పు. పాఠకునకు సెలవుచీటి కాదు. బ్రిడ్జెస్ ఆ కవితలను 29 సంవత్సరములు తనయొద్ద నుంచుకొనెను. కొన్నింటిని సంకలనములలో చేర్చి పాఠకుల నాయత్తపఱచెను. ముద్రించునపుడు దోషములనుగూడ ఎత్తిచూపెను. అతని జాగ్రత్త లేనిచో ఆ కవితలలో పెక్కు మనకు దక్కెడివి కావేమో. అతని సంకోచము లేనిచో ఒక తరమువారు వానిని ముందే చదివియుందురేమో. ఈ రెండును ఒక్కని చేతనే జరుగుట విమర్శకులకు హెచ్చరిక.

కాగా క్రైస్తవసమాధానము కవియొక్క అహంకారమును, ద్వేషమును తొలగింపగలదు. పాఠకులు కవికి పడిన ఋణమును మాత్రము తీర్పజాలదు. ఆ ఋణము చదువుటవలననే తీరును. లిఖితపుస్తక భాండాగారములలో అముద్రితములుగా నున్న కృతులను తలంచినపుడు, బోధకులకును పరిశోధకులకును ఈ మాట దూరదేశపు కథగా తోపదు. అచటి తలాంతు పాతిపెట్టినవాడు కవి కాదు. త్రవ్వి తీయవలసినవారము మనము.