వేళ్లకు తెలిసిన అక్షరాలు

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో ఏ డీటీపీ ఆపరేటర్‌నైనా ‘ణ ఏ కీ మీద ఉంది?’ అని అడిగితే నోటితో జవాబు రావడం కష్టం. వేళ్లు కీబోర్డు మీదికి దిగాలి, తెర మీద ణ పడాలి. అప్పుడు కిందికి చూసి ‘ఇదిగో, ఇది’ అంటారు. ఆ కీ మీద అచ్చయి ఉన్నది మాత్రం ఇంగ్లిష్ అక్షరమే. శుభలేఖలూ కరపత్రాలూ తప్పుల్లేకుండా గబగబా కొట్టేసే మనుషులు వీళ్లు.

అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో దీన్నే పరీక్షించి చూశారు. సగటున నిమిషానికి 70కి పైగా పదాలు కొట్టేవారికి ఖాళీ కీబోర్డు బొమ్మ ఇచ్చి అక్షరాలు నింపమంటే, 26లో సగటున 15 మాత్రమే సరిగ్గా పెట్టారు.

పంజగుట్ట నిమ్స్‌లో న్యూరాలజీ చదివే విద్యార్థులకు హెన్రీ మొలైసన్ కథ కొత్త కాదు. మూర్ఛ తగ్గాలని 1953లో ఆయన మెదడుకు ఆపరేషన్ చేస్తే, కొత్త సంగతులు గుర్తుంచుకునే శక్తే పోయింది. అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ చుట్టూ గీత గీయడం ఆయనకు నేర్పారు మనస్తత్వవేత్త బ్రెండా మిల్నర్. నిన్న గీసిన సంగతి ఆయనకు జ్ఞాపకం లేదు. అయినా రోజురోజుకూ తప్పులు తగ్గాయి! మనసు మరిచినా చెయ్యి నేర్చుకుంది.

ఊరు కూడా ఇలాగే మనలో ఉండిపోతుంది. అమీర్‌పేటలో సత్యం థియేటర్ పోయి, 2023లో అక్కడ ఏఏఏ సినిమాస్ తెరిచారు. పాతవాళ్లు ఇప్పటికీ ఆటో ఎక్కి ‘సత్యం థియేటర్ దగ్గర’ అనే అంటారు.

అలవాటు ఇంత బలమైనది కాబట్టే, యూనికోడ్‌కు మారమన్నప్పుడు డీటీపీ వాళ్లు పడే అవస్థను బద్ధకం అనడం అన్యాయం. యూనికోడ్ కాని పాత అను ఫాంట్ల యాపిల్, మాడ్యులర్ లేఅవుట్లలో ఏళ్ల తరబడి పండిన చేతులవి. యూనికోడ్ కొట్టడానికి వాడే, 1991 భారత ప్రమాణంలోని ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌లో గుణింతపు గుర్తులు ఎడమచేతికి, హల్లులు ఎక్కువగా కుడిచేతికి వస్తాయి. ‘క్క’ రావాలంటే క, పొల్లు, మళ్లీ క. తెలిసిన తెలుగే, వేళ్లకు మాత్రం కొత్త దారి. పదం మనసులో సిద్ధంగా ఉన్నా చెయ్యి ఆగిపోతుంది. పక్కన కస్టమర్ ఎదురుచూస్తుంటాడు.

యూనికోడ్ రావాల్సిందే. అందులో కొడితేనే రాసింది రేపు వెతికితే దొరుకుతుంది. అయితే పాత లేఅవుట్‌లోనే యూనికోడ్ కొట్టే వీలూ ఉంది. ఉద్యోగానికి టైపింగ్ పరీక్ష పెట్టేవాళ్లు ముందు ‘మీకు ఏ లేఅవుట్ వచ్చు?’ అని అడిగి, దాన్ని కంప్యూటర్‌లో పెట్టి, అప్పుడు గడియారం చూసుకోవాలి.