ప్రయోజన వర్గములు: మాడిసన్ వాదము, మన సీమ అనుభవము

అమెరికా రాజ్యాంగ నిర్మాతలలో నొకడైన జేమ్స్ మాడిసన్ 1787లో ఫెడరలిస్టు పత్రములలో పదవదానిని వ్రాయుచు, వర్గములను రూపుమాప జూచుట స్వేచ్ఛను రూపుమాపుటే యగుననియు, దేశము విశాలమైన కొలది వర్గములు పెక్కై యొకదాని నొకటి అదుపులో నుంచుననియు వాదించెను. 1791 నాటి మొదటి సవరణ, ప్రజలు సభగా కూడుటకును ప్రభుత్వమునకు విన్నవించుకొనుటకును గల హక్కును భద్రపరచెను. శాసనసభ్యుల చుట్టు తిరుగు వర్గ ప్రతినిధులు తమ పేర్లు నమోదు చేసికొనవలెనను శాసనము 1946లో గాని రాలేదు.

ఈ వాదమును మన చిక్కబళ్లాపురము జిల్లాలో పరీక్షింపవచ్చును. పెన్న, చిత్రావతి పుట్టిన సీమయే యిది. అయినను సాదలి మొదలు బాగేపల్లి, చింతామణి వరకు ఏడాది పొడవునా పారు ఏరు లేదు. చెరువు లెండినవి, గొట్టపు బావులు వేయి అడుగులు దాటినవి, పెక్కుచోట్ల పైకి వచ్చిన నీటిలో ఫ్లోరైడు. ఎత్తినహొళె నీటిని ఇటు మళ్లించు పథకమునకు 2014లో శంకుస్థాపన జరిగెను. అది చాలదని శాశ్వత నీరావరి హోరాట సమితి పక్షమున రైతులు 2016 మార్చిలో ట్రాక్టర్లతో బెంగుళూరునకు బయలుదేరిరి. నేత్రావతి ఎండిపోవునని దక్షిణ కన్నడ జిల్లా సంఘములు ఆ పథకమునే ప్రతిఘటించెను. తుదకు 2024 సెప్టెంబరులో తొలిదశ ప్రారంభమయ్యెను. ఈలోగా బెంగుళూరు మురుగునీటిని శుద్ధిచేసి మన చెరువులకు పంపుటయు మొదలైనది. శుద్ధి రెండు దశలతో ఆగెనని మరల తగవు. ఎవరికిని పూర్తి తృప్తి లేదు. మాడిసన్ ఆశించిన అదుపు ఇట్టిదే కాబోలు! ఆ ఊరేగింపున నినాదము కన్నడము. ఇల్లు చేరి మాటలాడుకొన్నది పెక్కిండ్ల తెలుగు.

భాష విషయమున ఈ త్రాసు పనిచేయలేదు. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధన వసతి కల్పింపవలెనని 1956 నాటి ఏడవ సవరణ 350-ఎ అధికరణమును చేర్చినది. కన్నడమునకు 1982 గోకాక్ ఉద్యమము అండ. కర్ణాటక ప్రభుత్వపు 1994 భాషా ఉత్తర్వుపై సాగిన వ్యాజ్యమున, శిశువు మాతృభాష యేదో తేల్చువారు తల్లిదండ్రులే యనియు, మాతృభాషా మాధ్యమమును ప్రభుత్వము నిర్బంధింపరాదనియు 2014 మే 6న సుప్రీంకోర్టు తీర్పుచెప్పెను. ఆ వ్యాజ్యమున ప్రభుత్వమున కెదురు నిలిచినది ఇంగ్లీషు మాధ్యమ పాఠశాలల యాజమాన్యముల సంఘము. తెలుగు బిడ్డ పక్షమున అంతటి బలముగల వర్గ మేది?

పెద్ద సమూహములు సులభముగా సంఘటితము కావని మాన్సర్ ఓల్సన్ 1965లో చెప్పెను. ఆ సూత్రము చాలదు. నీటికై కదలినవారు చిన్న గుంపు కారు. ఎండిన బోరు రైతునకు నేడే కనబడును; పోవుచున్న బడి తెలుగు తండ్రికి నష్టముగా తోచదు. ఆయన లెక్కలో ఇంగ్లీషు అనగా ఉద్యోగము, కన్నడము అనగా కచేరి. తెలుగు ఇంటనే యున్నది గదా! ఆ లెక్కను అజ్ఞానమని కొట్టివేయుట న్యాయము కాదు. తెలుగు చెప్పి జీతము తీసికొను నేనును ఒక ప్రయోజన వర్గమే గనుక, నా మాటను కొంత తగ్గించి వినవచ్చును.

అయినను 1949 విద్యామంత్రుల సమావేశము మాతృభాషా బోధనకు పెట్టిన లెక్క పెద్దది కాదు: తరగతికి 10 మంది, లేదా పాఠశాల మొత్తమునకు 40 మంది. ఆ పదిమంది తండ్రుల చేత అర్జీ వ్రాయించుటకు మేనెలలో వీథులు తిరుగువారు కావలెను. మన సంఘములు ఆ నెలలో సన్మాన సభలు చేయుచున్నవి.