ప్రేరణ ఎవరికి కావాలి?

బి.ఎడ్. పుస్తకాల్లో ‘ప్రేరణ’ అని ఒక అధ్యాయం ఉంటుంది. పిల్లల్లో నేర్చుకోవాలనే కోరిక పుట్టించడం టీచరు పని అంటుంది. సాక్ష్యానికి థారన్‌డైక్ పిల్లిని తీసుకొస్తారు. ఆకలిగొన్న పిల్లిని పెట్టెలో బంధించి బయట తిండి పెడితే, అది కిందామీదా పడి తలుపు తీయడం నేర్చుకుంటుంది. ఈ పాఠం మేమూ బట్టీపట్టాం, మార్కులూ తెచ్చుకున్నాం. కానీ మా పెద్దలు పెట్టెలో లేరు, బయట ఉన్నారు. గడియ లోపలివాళ్ళు వేసుకున్నారు. అలాంటి పిల్లి సంగతి ఆ అధ్యాయంలో లేదు.

బందరునే చూడండి. 1843లో రాబర్ట్ నోబుల్ దొర ఇక్కడ ఇంగ్లీషు బడి పెట్టాడు. తర్వాత నోబుల్ కాలేజీ అయింది అదే. మిషనరీ బడి గనక అందరినీ రానిచ్చారనుకుంటాం. లేదు. పై కులాల పిల్లలు రావాలని మాల మాదిగల్ని చేర్చుకోలేదు. ఇంగ్లండులో మాత్రం పెద్దింటివాళ్ళు తమ బిడ్డల్ని పనివాళ్ళతో కలిపి చదివిస్తారా అని సమర్థించుకున్నాడు. ఎవరు పక్కన కూర్చుంటే వాళ్ళకి ఇబ్బందో అది కూడా చూసి తరగతి గది కట్టారన్నమాట. ఇంతకన్నా ప్రేరణ ఏముంటుంది? తీరా 1852లో ఇద్దరు విద్యార్థులు క్రైస్తవం పుచ్చుకునేసరికి బడి దాదాపు ఖాళీ అయింది. వాళ్ళకి చదువు మీద ఆసక్తి లేదని ఎవరైనా అంటారా?

మనవాళ్ళని ఎవరూ పిలవలేదు. 1859లో మాల పెద్ద పగోలు వెంకయ్య బెజవాడలో ఉన్న డార్లింగ్ దొరని తానే వెతుక్కుంటూ పోయాడు. పోయింది దేవుడి కోసమే, నిజమే. పల్లెల్లోకి అక్షరం వచ్చిన దారుల్లో అదీ ఒకటి.

ఇక మా దివిసీమ. మేం చదివే రోజుల్లో అర్ధ సంవత్సర పరీక్షలు సరిగ్గా వరికోతల్లో పడేవి. అమ్మ కోతకి పోతే చంటిదాన్ని చంకనేసుకుని అక్క ఇంటి దగ్గర ఉండేది. హాజరుపట్టీలో అక్క పేరుకెదురుగా వరసగా ఆబ్సెంట్లే. “ఈ పల్లె పిల్లలకి చదువు ధ్యాస లేదు” అనేవాడు మేష్టారు. అమ్మ కోస్తున్న చేను ఆయనదే. ఈ మాట పదిహేనేళ్ళ తర్వాతగాని మాకు తట్టలేదు. పుస్తకం చదివిన బుర్ర కదా!

లోపం పిల్లలో ఉందని మొదలుపెట్టే శాస్త్రం చివరికి చప్పట్లు, చాక్లెట్లు, స్టిక్కర్ల దగ్గర ఆగుతుంది. అవి వద్దని మేం అనం. ఆ ముందుమాటతోనే మాకు పేచీ.

ఆమధ్య గుడివాడ దగ్గర ఒక బడికి వెళ్ళాం. లెక్కల సారు మనవాడే. ఎకరం ఊడ్పుకి ఇంతని గుత్త, ముఠాలో పదకొండు మంది, తలకెంత? అని బోర్డు మీద రాశాడు. అందరూ భాగహారం చేస్తున్నారు. వెనక బెంచీలో ఒక పిల్ల మాత్రం పలక పక్కన పెట్టి లేచింది.

“లెక్క తప్పు సార్. మేస్త్రీ వాటా తియ్యలేదు కదండీ.”

సారు బోర్డు తుడిచి మళ్ళీ రాశాడు.