ఆ గొట్టంలో ఉండకూడనిది

మణుగూరు నుంచి సికింద్రాబాద్ వెళ్లే రైలు కాజీపేట, జనగామ మీదుగా పోతుంది. ఈ దారికి ఒక కొసన, మణుగూరులో, 1991 నుంచి భారజలం తయారవుతోంది. రెండో కొసన, మౌలాలి దగ్గర, 1971లో మొదలైన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఉంది. మౌలాలిలో చేసే ఇంధన గొట్టమూ మణుగూరు నీరూ రియాక్టర్‌లో కలుస్తాయి. నన్ను కట్టిపడేసేది ఆ గొట్టం పనితనం.

వేలంత లావు, అరమీటరు పొడవు, గోడ మందం అర మిల్లీమీటరు కూడా ఉండదు. లోపల యురేనియం బిళ్లలు, బయట బాగా వేడెక్కిన భారజలం. అలాంటివి పంతొమ్మిది కలిస్తే 220 మెగావాట్ల రియాక్టర్‌కు ఒక కట్ట. గొట్టానికి కావలసిన జిర్కోనియం సముద్రపు ఇసుకలో దొరుకుతుంది, కానీ హాఫ్నియం దాన్ని కవలలా అంటిపెట్టుకుని ఉంటుంది. హాఫ్నియం న్యూట్రాన్లను మింగేస్తుంది. నూటికి రెండు పాళ్లుండే దాన్ని పది లక్షల్లో వందకు మించకుండా విడదీస్తారు. కోబాల్ట్‌కైతే ఇరవయ్యే హద్దు.

కోబాల్ట్ మీద అంత పట్టుదల ఎందుకంటే, నీరు తిరిగే చోటల్లా లోహం కాస్తకాస్త అరుగుతుంది. ఆ తుప్పును ప్లాంటువాళ్లు క్రడ్ అంటారు. అది నీటితో కొట్టుకొచ్చి ఇంధనం మీద పేరుకుంటుంది. అక్కడ మామూలు కోబాల్ట్-59 ఒక న్యూట్రాన్‌ను పట్టుకుని రేడియోధార్మిక కోబాల్ట్-60 అవుతుంది. మళ్లీ ఊడి, బయటి పైపుల్లో, ఆవిరి జనరేటర్లలో స్థిరపడుతుంది. నీటిలోని ఆక్సిజన్ నుంచి పుట్టే నైట్రోజన్-16 అర్ధాయుష్షు ఏడు సెకన్లే, రియాక్టర్ ఆపిన కొద్ది నిమిషాల్లో మాయమవుతుంది. కోబాల్ట్-60 మాత్రం పోదు. మరమ్మతుకు లోపలికి వెళ్లే మనిషి ఒంటికి గామా కిరణాలు తగిలేది ఎక్కువగా దీనివల్లే.

నిజానికి ఇంధన గొట్టం చేసే జిర్కోనియం మిశ్రలోహం, జిర్కలాయ్, అరిగేది చాలా తక్కువ. అసలు దొంగలు ఉక్కు పైపులు, ఆవిరి జనరేటర్ గొట్టాలు, సగానికి పైగా కోబాల్టే ఉండే స్టెలైట్ పూసిన వాల్వులు. అందుకే ఆవిరి జనరేటర్ల కోసం మౌలాలిలోనే చేసే ఇన్‌కొలాయ్-800 గొట్టాల్లోనూ కోబాల్ట్‌ను కట్టడి చేస్తారు. నీటిలో లిథియం హైడ్రాక్సైడ్ కలిపి క్షారగుణం నిలబెట్టడం కూడా ఆ అరుగుదలను తగ్గించడానికే.

కంటికి కనిపించే నునుపును మెచ్చుకోవడం తేలిక. ఇక్కడ మెచ్చుకోవలసింది కనిపించని శుభ్రత. కోబాల్ట్-60 అర్ధాయుష్షు 5.27 ఏళ్లు. ఇవాళ పైపులో చేరినదాంట్లో ఇరవై ఏళ్ల తర్వాత కూడా పద్నాలుగో వంతు మిగిలే ఉంటుంది.