కథలో 'కజిన్' ఎవరు?

కొత్త కథల్లో 'కజిన్' కనబడగానే తెలుగు చచ్చిపోతోందని బాధపడేవాళ్లు చాలామంది. నా గొడవ వేరే. ఆ మాట ఎక్కడ కావాలో, ఎక్కడ అక్కర్లేదో మనం చూసుకోవట్లేదు.

1871లో లూయిస్ హెన్రీ మోర్గన్ అచ్చేసిన చుట్టరికాల పట్టికల్లో తెలుగూ ఉంది. మన వరసల్లో కీలకమంతా ఒక్కచోటే. పెద్దమ్మ కొడుకు, బాబాయి కొడుకు అన్నో తమ్ముడో అవుతారు. మేనమామ కొడుకు, మేనత్త కొడుకు అయితే అమ్మాయికి బావలు, పెళ్లికి వరసైనవాళ్లు. అమ్మ తోడబుట్టినవాడూ మామే, మొగుడి తండ్రీ మామే. 'మేనకోడలు' అనే మాటలో కోడలు ముందే ఉంది! అంటే ఈ పిలుపులు ఉన్న చుట్టరికాన్ని చెప్పి ఊరుకోవు, రేపటి పెళ్లిని కూడా గుర్తుచేస్తుంటాయి.

'కన్యాశుల్కం'లో సుబ్బి పెళ్లి తప్పించడానికి శిష్యుడికి ఆడవేషం వేయించేదాకా వెళ్తాడు కరటకశాస్త్రి. ఆయన్ని 'అంకుల్' అంటే ఎవరో మంచి చుట్టం అనిపిస్తుంది, అంతే. మేనమామ అంటే ఆ పిల్ల పెళ్లిలో మాట చెల్లాల్సినవాడు. అగ్నిహోత్రావధాన్లు ఆ మాట తోసేశాడు కాబట్టే ఆ నాటకమంతా ఆడాల్సొచ్చింది.

ఆస్తి తగాదా కథలో 'కజిన్ కేసు వేశాడు' అని రాస్తే నాకేమీ అర్థం కాదు. బాబాయి కొడుకైతే దాయాది. మేనత్త కొడుకైతే వాళ్లమ్మకి రావాల్సిన పుట్టింటి వాటా అడుగుతున్నాడేమో. ఆంధ్రప్రదేశ్ 1986లో, దేశమంతా 2005లో ఉమ్మడి ఆస్తిలో కూతురికి హక్కిచ్చాక అది పూర్తిగా వేరే కథ. ఇక్కడ 'కజిన్' అనడం బద్ధకమే.

కానీ ఊహ తెలిసినప్పట్నుంచీ 'నీ మొగుడొచ్చాడే' అని బావని చూపించి ఏడిపించిన ఇంట్లో పెరిగిన అమ్మాయి సంగతేంటి? ఆఫీసులో అతన్ని 'మా కజిన్' అని పరిచయం చేస్తే, అది తెలుగు రాక కాదు. బావ అన్న మాటతో పాటు వచ్చే హక్కుని ఒప్పుకోకపోవడం. ఆ వాక్యంలో 'కజిన్' కొట్టేసి 'బావ' అని దిద్దే సంపాదకుడు ఆమె చెప్పిన 'వద్దు'నే కొట్టేస్తున్నాడు.

వరసలు తెలిసి రాసిన కథలోనే 'కజిన్'కి బలం. ఇంట్లో అందరూ బావ అంటుంటే ఒక్కతే కజిన్ అనాలి. అప్పుడు అది మనకి వినబడుతుంది.