బృహద్ధమని గాయాలు – రెండు చికిత్సల తులన: ఒక విమర్శనాత్మక పరిశీలన

వేగంగా వెళ్తున్న వాహనం ఢీకొని ఒక్కసారిగా ఆగినప్పుడు ఛాతీలోని బృహద్ధమని చిరిగే ప్రమాదం ఉంది. ఎడమ చేతికి రక్తాన్ని అందించే ధమని చీలే చోటికి కాస్త దిగువన ఈ గాయం ఎక్కువగా కనిపిస్తుంది. ఛాతీని తెరిచి, గాయపడిన భాగంలో కృత్రిమ నాళాన్ని కుట్టడం శస్త్రచికిత్స. తొడ ధమని గుండా స్టెంట్ గ్రాఫ్ట్‌ను పంపి, చిరుగును లోపలి నుంచి కప్పడం అంతర్నాళ చికిత్స. ఈ రెండింటి తులన ఏ ఆధారాలపై నిలిచిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

అమెరికన్ అసోసియేషన్ ఫర్ ది సర్జరీ ఆఫ్ ట్రామా 2008లో ప్రచురించిన బహుళకేంద్ర అధ్యయనంలో 193 మంది ఉన్నారు. స్టెంట్ గ్రాఫ్ట్ అమర్చిన 125 మందిలో మరణాలు 7.2 శాతం, శస్త్రచికిత్స జరిగిన 68 మందిలో 23.5 శాతం. ఈ అంకెలను యథాతథంగా స్వీకరించవచ్చా? రోగులను లాటరీ పద్ధతిలో విభజించలేదు. ఏ చికిత్స చేయాలో వైద్యులే నిర్ణయించారు. అయితే ఛాతీ వెలుపల తీవ్ర గాయాలున్నవారికి స్టెంట్‌నే ఎక్కువగా ఎంచుకున్నారు. ఇతర కారణాలను గణాంక పద్ధతిలో సరిచూసిన తరువాత కూడా మరణాల తేడా నిలిచింది. కాబట్టి తొలి దశలో అంతర్నాళ చికిత్సకున్న ఆధిక్యాన్ని తోసిపుచ్చలేం.

కాలభేదం విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. ఇదే సంస్థ 1997 అధ్యయనంలో శస్త్రచికిత్స అనంతరం కాళ్లు చచ్చుబడటం 8.7 శాతం, 2008 నాటి శస్త్రచికిత్సల్లో అది 2.9 శాతమే. పాత శస్త్రచికిత్సను కొత్త స్టెంట్‌తో పోల్చేవారు ఈ మధ్యకాలపు మార్పును కూడా స్టెంట్ ఖాతాలోనే వేస్తున్నారు.

అసలు చిక్కు ‘విజయం’ అనే మాటలో ఉంది. 2008 అధ్యయనంలోనే స్టెంట్ అమర్చినవారిలో 20 శాతం మందికి పరికర సంబంధమైన సమస్యలు తలెత్తాయి. ఈ గాయాల బాధితుల్లో యువకులు ఎక్కువ. వారి ధమని సన్నగా ఉంటుంది, వయసుతో వెడల్పవుతుంది. పరికరం మాత్రం అమర్చిన కొలతలోనే ఉండి, దశాబ్దాల పాటు పరీక్షలను కోరుతుంది. 2011లో సొసైటీ ఫర్ వాస్కులర్ సర్జరీ అంతర్నాళ చికిత్సకే మొగ్గు చూపినా, ఆధారాల నాణ్యత తక్కువేనని అంగీకరించింది.

‘కోత తక్కువ’, ‘ప్రమాదం తక్కువ’ అనేవి పర్యాయపదాలు కావు. మొదటిది చికిత్సా విధానాన్ని వర్ణిస్తుంది. రెండవది ఫలితంపై తీర్పు చెబుతుంది. ఆసుపత్రి గడప దాటడాన్నే కొలిచే తులన, ఇరవై ఏళ్ల యువకుడి మిగిలిన జీవితం గురించి తీర్పు చెప్పజాలదు.